దమ్ము లేనిది పిల్లలకా, బడికా?

ఊరవతలి మాట – 31

మిత్రులారా, ఈసారి కొంచెం పొడుగ్గనే రాస్తున్న. ఓపికతో చదవండి. ముఖ్యంగా బీఈడీ, బీపీఈడీ చేస్తున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు చదవాలె. రేపు విజిల్ మీ చేతిలోనే ఉంటది.

మిరుగం వచ్చిందంటే మన ఇండ్లల్లో చేపల కూర ఉడకాలె. అదే రోజు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఇంకో చేప కథ నడుస్తది. వేలెడంత కొర్రమట్ట పిల్ల నోట్లో పసుప్పచ్చటి ముద్ద పెట్టి, బతికున్న చేపను ఉబ్బసమున్న మనిషి గొంతులోకి తోస్తరు. 1845 నుంచి ఉచితంగా ఇస్తున్నమని బత్తిని గౌడ్ కుటుంబం చెప్తది. ముద్దలో ఏముందో మాత్రం చెప్పదు. ఒకప్పుడు దీన్ని చేప మందు అనేటోళ్లు. మందయితే పరీక్షకు పెట్టాలె గదా అని జన విజ్ఞాన వేదిక లాంటి సంఘాలు నిలదీసినంక, కోర్టు దాకా పోయినంక, మందు అన్న పేరు పోయి ప్రసాదం అన్న పేరు నిలబడ్డది. పేరు మారింది గానీ ఏర్పాట్లు మారలే. మత్స్యశాఖ చేపపిల్లలు తెచ్చి పెడ్తది. బస్సులు నడుస్తయి. పోలీసు బందోబస్తు ఉంటది. మంత్రులు వచ్చి నిలబడి ఫొటో దిగుతరు.

మిరుగం జూన్ 8కి అటోఇటో వస్తది. బడులు జూన్ 12న తెరుస్తరు. నా ప్రశ్న ఈ నాలుగు రోజుల సందులో ఉన్నది. ఉబ్బసం కోసం ఒక మైదానాన్ని ఇంత హంగుతో సిద్ధం చేయగలిగిన సర్కారు, నాలుగు రోజుల తర్వాత తెరుచుకునే తన సొంత బడి మైదానంలో ఉబ్బసమున్న పిల్ల కోసం ఏం పెట్టింది?

నేను చూసిన బడుల్లో ఫస్ట్ ఎయిడ్ డబ్బా తెరిస్తే దూది ఉంటది, కట్టు గుడ్డ ఉంటది, ఎప్పటివో నాలుగు గోలీలుంటయి. ఇన్‌హేలర్ మాత్రం నా కంట పడలే. దాని బదులు ఉన్నది గట్టు. "నీకు దమ్మున్నది గదా బిడ్డా, నువ్వు ఆడకు, పొయ్యి గట్టు మీద కూసో." ఇదీ మన బడులు ఉబ్బసానికి చేసే వైద్యం. ఖర్చు లేదు, కష్టం లేదు, రిజిస్టర్‌లో రాసే పని కూడా లేదు.

దమ్ము అనే మాట ఫారసీ నుంచి ఉర్దూ మీదుగా మన నోళ్లలోకి వచ్చింది. ఊపిరి అని దానర్థం. మనం దాంతో మూడు పనులు చేయించుకుంటున్నం. ఊపిరినీ దమ్మే అంటం, ధైర్యాన్నీ దమ్మే అంటం, ఊపిరాడని రోగాన్నీ దమ్మే అంటం. "పటేల్ కొడుక్కు దమ్మున్నది" అంటే మెచ్చుకోలు. "ఎల్లయ్య బిడ్డకు దమ్మున్నది" అంటే ముద్ర. వాక్యం ఒక్కటే. ఎవరి మీద పడితే ఏమైతదో చూడండి. తెలుగు పాఠం చెప్పి బతికేటోన్ని గనుక ఈ మాట దగ్గర ఆగిన. ముద్ర వేసేటోడు పిల్ల ఊపిరితిత్తులను పరీక్షించడు. ఒకసారి ఆయాసపడంగ చూస్తడు, అంతే. ఆ ఒక్క చూపు పదో తరగతి దాకా నడుస్తది.

ఈ ముచ్చట ఎందుకు ఎత్తుకున్ననో చెప్త. నేను ఇదివరకు పనిచేసిన ఒక కాలేజీలో ఒక విద్యార్థిని ఉండేది. గోదారి ఒడ్డు ఊరు, మాదిగవాడ. తల్లి బీడీలు చేస్తది. తండ్రి దుబాయిల. చిన్నప్పుడు కబడ్డీలో వాడకట్టంతా చెప్పుకునే పిల్ల. ఆరో తరగతిలో ఒకసారి గ్రౌండ్‌లో పిల్లికూతలు వచ్చినయి. ఆ రోజు నుంచి గట్టు మీద. ఐదేండ్లు. రాత్రిళ్లు ఎగపోస్తే ఆర్‌ఎంపీ సూది. పొద్దున మామూలే. డిగ్రీలో ఉండంగ కానిస్టేబుల్ ఉద్యోగానికి ఉరకాలన్నది. మన రాష్ట్రంలో 2022 నోటిఫికేషన్ నుంచి ఆడపిల్లలకు 800 మీటర్లు, మగపిల్లలకు 1600 మీటర్ల పరుగు పెట్టిన్రు. ఆ పరుగు గట్టెక్కితేనే ముందటి మెట్టు. అప్పుడు మొదటిసారి, పందొమ్మిదో ఏట, కరీంనగర్‌లో ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరికి పోయింది. రోజూ పీల్చే మందు మొదలుపెట్టింది. కొన్ని నెలల్లో రాత్రి పూట నిద్ర పట్టింది. తర్వాత ఉరుకుడు మొదలైంది. పరీక్ష నాడు 800 మీటర్లు ఆగకుండా ఉరికింది. కానీ గడువు దాటింది. ఉద్యోగం రాలే. ఆ పిల్లను ఊపిరితిత్తులు ఓడగొట్టలే. పదకొండేండ్ల వయసు నుంచి కాళ్లకు పరుగు నేర్పకుండా కూర్చోబెట్టిన గట్టు ఓడగొట్టింది.

ఉన్నోళ్ల పిల్లకు ఆట ఒక సరదా. ఆడకపోతే సంగీతం ఉంటది, కోచింగ్ ఉంటది, అమెరికా ఉంటది. మన పిల్లలకు ఆట ఒక నిచ్చెన. కానిస్టేబుల్, ఆర్మీ, ఫారెస్ట్ బీట్ ఆఫీసర్, స్పోర్ట్స్ కోటా, కరీంనగర్, ఆదిలాబాద్ క్రీడా పాఠశాలల సీటు, ఇవన్నీ కాళ్ల మీద, ఊపిరి మీద నడిచే దారులు. డబ్బుతో కొనలేని వాటిని చెమటతో తెచ్చుకునే చోటు గ్రౌండ్. ఆ గ్రౌండ్ నుంచి పిల్లను తప్పించుడంటే ఒక పీరియడ్ తప్పించుడు కాదు.

ఇప్పుడు అసలు విషయం. ఉబ్బసమున్న పిల్ల ఆడొచ్చా? ఆడొచ్చు. ఆడాలె కూడా. ఇది నా అభిమానం కాదు, డాక్టర్లు ఏండ్ల సంది చెప్తున్న మాట.

ఉబ్బసంలో ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటది. ఆ వాపు రోజూ లోలోపల ఉంటది, బయటికి కనపడదు. పిల్ల ఉరికినప్పుడు ముక్కుతో చాలక నోటితో గాలి గుంజుతది. ముక్కు గాలిని తడిపి, వెచ్చబెట్టి లోపలికి పంపుతది. నోరు ఆ పని చేయదు. పొడి గాలి తగిలి గొట్టాల తేమ ఆరుతది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటది. పిల్లికూతలు, దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉండుడు. ఎక్కువసార్లు ఇది ఉరికి ఆగిన కొద్ది నిమిషాలకు మొదలై, అరగంట, గంటలో తగ్గుతది. అంటే ఉరుకుడు రోగాన్ని పుట్టించలే. ముందే ఉన్న వాపు అదుపులో లేదని చెప్పింది. వాపుకు మందియ్యకుండా ఉరుకుడు బంద్ చేయించుడు, ఇల్లు కారుతున్నదని వానను తిట్టినట్టు.

దీనికి చేసే పని కూడా కొండంత ఏం కాదు. వాపు తగ్గించే మందు డాక్టర్ చెప్పినట్టు రోజూ పీల్చాలె. దీన్ని కంట్రోలర్ అంటరు. అప్పటికప్పుడు గొట్టాలు తెరిచే సాల్బుటమాల్ లాంటిది రిలీవర్. డాక్టర్ చెప్పిన పిల్లలు ఆటకు పది, పదిహేను నిమిషాల ముందు రిలీవర్ తీసుకోవచ్చు. కేవలం రిలీవర్ మీద బతుకుడు మంచిది కాదని, వాపుకు మందు తప్పకుండా ఉండాలని ప్రపంచ ఉబ్బసం మార్గదర్శకాలు 2019 నుంచి గట్టిగా చెప్తున్నయి. ఇక ఆటకు ముందు పది, పదిహేను నిమిషాలు మెల్లగ వార్మప్. అయిపోయినంక ఒక్కసారే ఆగకుండా మెల్లమెల్లగ దిగుడు. జలుబు, దగ్గు ఎక్కువున్న రోజు, గ్రౌండ్ పక్కన చెత్తో, కొయ్యకాలో తగలబెడుతున్న రోజు ఆట ఆపాలె. ఆ రోజు ఆపాలె. ఏడాదంతా కాదు.

మన కబడ్డీనే చూడండి. ఒక రైడ్ 30 సెకన్లు. కూత పెట్టి పోవాలె, వాపసు రావాలె. తర్వాత నిలబడి ఊపిరి తీసుకునే సమయం దొరుకుతది. ఖోఖో, వాలీబాల్ కూడా అంతే. ఆగి ఆగి ఆడే ఆటలు ఉబ్బసమున్న పిల్లలకు సులువని డాక్టర్లు అంటరు. ఏకబిగిన ఉరికే పందాలకు తయారీ ఎక్కువ కావాలె. పిల్లికూత ఉన్న పిల్ల కబడ్డీ కూత పెట్టొచ్చన్న మాట. మన ఊరి ఆటే ఆమెకు కుదిరిన ఆట. తెలియక ఆ ఆట నుంచే ముందు తీసేసిన్రు.

నమ్మకం కుదరనోళ్ల కోసం రెండు లెక్కలు. 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు పోయిన అమెరికా జట్టులో 597 మందిని పరీక్షిస్తే 67 మందికి ఆటతో వచ్చే ఉబ్బసం బయటపడ్డది. ఆ 67 మంది కలిసి 41 పతకాలు తెచ్చిన్రు. ఇది మొదటి లెక్క. రెండోది ఒక మనిషి. జాకీ జాయ్‌నర్ కెర్సీ. అమెరికాలో ఈస్ట్ సెయింట్ లూయిస్ అనే పేద నల్లజాతి పట్టణం నుంచి వచ్చిన బిడ్డ. కాలేజీలో చేరిన కొత్తలో ఉబ్బసమని తేలింది. తీసి పక్కన కూర్చోబెడ్తరన్న భయంతో మొదట కోచ్‌లకు చెప్పకుండా దాచింది. అక్కడ కూడా గట్టు ఉన్నదన్నట్టు. తర్వాత మందు వాడింది, ఆడింది. 1988 సియోల్ ఒలింపిక్స్‌లో హెప్టాథ్లాన్‌లో 7,291 పాయింట్లు. ఆ ప్రపంచ రికార్డును ఇప్పటికీ ఎవరూ దాటలే. హెప్టాథ్లాన్ అంటే రెండు రోజుల్లో ఏడు ఆటలు. చిట్టచివరి ఆట 800 మీటర్ల పరుగు.

అదే హెప్టాథ్లాన్‌లో 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చింది మన అగసర నందిని. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుకున్న బిడ్డ. చాయ్ అమ్మే నాన్న బిడ్డ. 2014 మే 25న మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కిన్రు. వాళ్లూ గురుకులం పిల్లలే. పూర్ణకు అప్పుడు పద్నాలుగేండ్లు కూడా నిండలే. వీళ్లకు ఉబ్బసమున్నదని నేను అంటలేను. నేను అనేది వేరే. మామూలు మనిషికి ఊపిరాడని ఎత్తుకు మన పిల్లలను ఎక్కించగలిగిన వ్యవస్థ ఇది. ఎక్కించుడు చేతనైన వ్యవస్థకు, కింద గ్రౌండ్‌లో ఒక పిల్లకు ఊపిరి ఆడేటట్టు చూసుడు చేతకాదంటే ఎట్ల నమ్మాలె?

ఇప్పుడు ఎదురుమాటలకు వస్త.

మొదటిది తల్లులది. ఆ విద్యార్థిని తల్లి నన్ను అడిగింది: "సారూ, గది నోట్ల పెట్టుకునుడు అలవాటైతె ఇగ ఇడ్వదంట గదా. రేపు లగ్గం మాట్లాడేటప్పుడు ఎవలన్న జూస్తె ఎట్ల?" ఈ భయాన్ని నవ్వి తీసేయకండి. ఇన్‌హేలర్ వాడేది రోగం ముదిరినంకనే అని ఊరంతా అనుకుంటది. నిజం తిరగబడి ఉన్నది. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ ఒక్క పఫ్‌లో 100 మైక్రోగ్రాములు. అదే మందు గోలీ 4 మిల్లీగ్రాములు, అంటే 4,000 మైక్రోగ్రాములు. ఒక గోలీ 40 పఫ్‌లతో సమానం. గోలీ కడుపులోకి పోయి, రక్తంలో కలిసి, ఒళ్లంతా తిరిగి, గుండెదడ పుట్టించి, చివరకు ఊపిరితిత్తులకు చేరుతది. పీల్చింది నేరుగా పోవాల్సిన చోటికి పోతది. గోలీకి, సూదికి సిగ్గు లేదు గానీ ఇన్‌హేలర్‌కు సిగ్గు. ఎందుకంటే గోలీ దాచుకోవచ్చు. ఇన్‌హేలర్ నలుగురిలో తీయాల్సి వస్తది. అలవాటు పడుడు అన్నది కూడా వట్టి మాట. చూపు ఆననోడు అద్దాలు పెట్టుకుంటే అద్దాలకు బానిసయిండంటమా?

రెండోది ఎంగిలి. ఇది మనం బయట మాట్లాడం. నోట్లో పెట్టుకునే వస్తువు బడి డబ్బాలో ఉంటే, ఎవరి నోటిది ఎవరు వాడాలె? గ్లాసు దగ్గర, కుండ దగ్గర మనకు నేర్పిన పాఠం ఇన్‌హేలర్ దగ్గర కూడా పనిచేస్తది. దీనికి ఒక చక్కటి జవాబు దక్షిణాఫ్రికా నుంచి వచ్చింది. కేప్‌టౌన్ వైద్యులు అరలీటర్ ప్లాస్టిక్ సీసా అడుగున ఇన్‌హేలర్ మూతి పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతి నుంచి పిల్లలతో పీల్పించిన్రు. కొనుక్కునే స్పేసర్‌తో పోల్చి చూసిన్రు. పనిలో దానికి తీసిపోలే. ఆ పరిశోధన 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. స్పేసర్ అంటే మందు గాలిలో నిలిచే ఒక డొల్ల, అంతే. దాంతో మందు గొంతుకు కొట్టకుండా లోపలికి దిగుతది. కూల్‌డ్రింక్ సీసా ఏ ఊరి కిరాణంలో దొరకదు? ఇన్‌హేలర్ ఒక్కటి చాలు, ఎవరి సీసా వాళ్లది. ఎంగిలి మాట అక్కడికి ఖతం.

మూడోది పీఈటీ సార్లది. "పిల్లకు ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది." ఈ మాటను నేను గౌరవిస్త. వాళ్లకు ఎవరూ నేర్పలే, చేతిలో ఏమీ పెట్టలే. కానీ లెక్క సరిగ్గ చూద్దాం. ప్రపంచ ఉబ్బస రోగుల్లో ఇంచుమించు 13 శాతం మన దేశంలో ఉంటే, ఉబ్బసం మరణాల్లో 40 శాతానికి పైగా మన దగ్గరే. రోగం ఒక్కటే, చావు మన వాటాకు మూడింతలు ఎట్ల వచ్చింది? మనోళ్లు ఎక్కువ ఉరికినందుకా? రోజూ పీల్చే మందు అందనందుకు, అందినా వాడనియ్యనందుకు. పిల్ల గట్టు మీద కూర్చున్నా రాత్రి ఇంట్లో ఎగపోస్తది. గ్రౌండ్‌లో అయితే పక్కన నలుగురన్నా ఉంటరు. పిల్లను గట్టు మీద కూర్చోబెడితే సారు మెడ తప్పించుకుంటది, పిల్ల మెడ కాదు.

నాలుగోది యోగా బ్యాచ్‌ది. ప్రాణాయామం నేర్పితే చాలంటరు. చేసుకోనియ్యండి, కొందరికి కుదురుగ ఊపిరి తీసుకునుడు వస్తది. కానీ అది మందుకు బదులు రాదు. యోగా దినోత్సవం జూన్ 21న. ఆ రోజు ప్రతి బడిలో చాపలు పరుస్తరు, ఫొటోలు అప్‌లోడ్ చేస్తరు. ఊపిరి మీద ఇంత ప్రేమ ఉన్న వ్యవస్థ అదే రోజు ఒక ఇన్‌హేలర్ కూడా ఇస్తే ఏం పోయింది?

ఐదోది మనోళ్లది. ఇదే నన్ను ఎక్కువ గుచ్చుతది. "అన్నా, అట్రాసిటీ కేసులున్నయి, వర్గీకరణ ఉన్నది, భూములున్నయి. నువ్వు ఇన్‌హేలర్ పట్టుకున్నవేంది?" తమ్ముడూ, 1927లో మహద్‌లో బాబాసాహెబ్ పట్టుకున్నది చెరువు నీళ్లు. నీళ్లు చిన్న విషయమా? ఒంట్లోకి పోయేది ఎవరికి అందాలె, ఎవరికి అందొద్దు అన్న దగ్గరనే కులం నిలబడ్డది. నీళ్ల లెక్కనే గాలి కూడా.

గాలి అందరికీ ఒక్కటే అంటరు. నిజమా? ధర్మపురి నుంచి గోదారి వెంబడి దిగువకు పోతే రామగుండం. ఎన్టీపీసీ పొగగొట్టాలు, బూడిద చెరువులు, సింగరేణి బొగ్గు. బసంత్‌నగర్, మంచిర్యాల సిమెంటు. కరీంనగర్ చుట్టూ గ్రానైట్ క్వారీల దుమ్ము. జగిత్యాల, పెద్దపల్లి రైస్‌మిల్లుల ఊక. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ఇండ్లల్లో బీడీ పొగాకు. పడుకునే అర్రలోనే తంబాకు చాట, చాట పక్కనే పసిపిల్ల. ఇంకా కట్టెల పొయ్యి. ఈ దుమ్ములో పని ఎవరిది, ఈ దుమ్ము పక్కన ఇల్లు ఎవరిది? మీ ఊళ్లో డంపింగ్ యార్డు ఎవరి వాడకు దగ్గరున్నదో ఒకసారి నడిచి చూసి రండి. పొగ, దుమ్ము ఉబ్బసాన్ని రేపుతయని చెప్పడానికి డాక్టరేటు అక్కర్లేదు. రోగం రేపే గాలిని మన వాడకు ఇచ్చి, ఆ రోగం పేరు మీద మన పిల్లను గ్రౌండ్ నుంచి తీసేస్తే, దాన్ని ఆరోగ్య సమస్య అని పక్కకు పెట్టాల్నా?

చేప ప్రసాదం క్యూలో నిలబడే తల్లిని నేను ఒక్క మాట అనను. పిల్లను సంకల ఎత్తుకొని రాత్రంతా నిలబడేటోళ్లకు బుద్ధి లేదని ఎగతాళి చేసుడు సులువు. హేతువాద మిత్రులు కొందరు అక్కడే ఆగుతరు. ఆమె ముందట ఉన్నది ఒక్కటే క్యూ. రెండో క్యూ, అంటే సర్కారు దవాఖానలో నెలనెలా ఇన్‌హేలర్ ఇచ్చే క్యూ పెట్టి చూడండి, ఏది పొడుగైతదో. నేను తిట్టేది క్యూలో ఉన్నోళ్లను కాదు, మొదటి క్యూకు బారికేడ్లు కట్టి రెండో క్యూ పెట్టనోళ్లను.

పెట్టడానికి కాయితం మీద అన్నీ ఉన్నయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. పుట్టిన బిడ్డ నుంచి 18 ఏండ్ల దాకా పిల్లలను బడికి, అంగన్‌వాడీకి వచ్చి పరీక్షించాలె. అందులో వెతకాల్సిన 30 సమస్యల పట్టికలో ఊపిరి గొట్టాలు బిగుసుకునే జబ్బు ఉన్నది. జాతీయ అత్యవసర మందుల జాబితాలో సాల్బుటమాల్, బుడెసొనైడ్ ఇన్‌హేలర్లు ఉన్నయి. పట్టికలో పిల్ల ఉన్నది, జాబితాలో మందు ఉన్నది. పిల్లకూ మందుకూ మధ్య బడి గేటు ఉన్నది. ఇంగ్లండ్‌లో 2014 అక్టోబర్ 1 నుంచి చీటీ లేకుండనే బడులు అత్యవసరానికి సాల్బుటమాల్ ఇన్‌హేలర్ కొని పెట్టుకోవచ్చని చట్టం మార్చుకున్నరు. అమెరికాలో అన్ని రాష్ట్రాల్లో పిల్ల తన ఇన్‌హేలర్ తన జేబులో పెట్టుకొని బడికి రావచ్చని చట్టాలున్నయి. మన దగ్గర ఇన్‌హేలర్ పిల్ల బ్యాగులో కనపడితే "ఇదేంది" అని గుంజుకునే టీచర్లు ఇంకా ఉన్నరు.

ఇంకొక మాట, ధర్మపురోళ్లకు ప్రత్యేకంగా. మనది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. 2019లో కొప్పుల ఈశ్వర్ గారు ఎస్సీ సంక్షేమ మంత్రి అయిన్రు. 2025లో అడ్లూరి లక్ష్మణ్ కుమార్ గారు అదే శాఖకు మంత్రి అయిన్రు. పార్టీలు వేరు, గడ్డ ఒక్కటే. రాష్ట్రంలోని ఎస్సీ హాస్టళ్లు, గురుకులాలు చూసే కుర్చీ రెండుసార్లు మన నర్సన్న ఊరికి వచ్చింది. 2027లో గోదావరి పుష్కరాలు. ఘాట్లు కట్టాలె, రోడ్లు వేయాలె, దానికి పైసలు రావాలె, వస్తయి. నేను పుష్కరాలను వద్దంటలేను. ఘాటు మీద మునిగేటోని ఊపిరి కోసం గజ ఈతగాళ్లను పెట్టే సర్కారు, ఘాటుకు అవతల హాస్టల్‌లో ఎగపోసే పిల్ల ఊపిరి కోసం ఒక ఇన్‌హేలర్ పెట్టాలని అడుగుతున్న.

కోరేది ఇంతే.

ఒకటి, ప్రతి బడి, గురుకులం, హాస్టల్‌లో ఒక సాల్బుటమాల్ ఇన్‌హేలర్, స్పేసర్, వాటిని వాడుడు నేర్చిన ఇద్దరు మనుషులు. వాళ్లలో ఒకరు పీఈటీ కావాలె.

రెండు, ప్రతి పీహెచ్‌సీలో రోజూ పీల్చే కంట్రోలర్ మందు ఏడాది పొడుగునా ఉచితంగా. బీపీ గోలీలు నెలనెలా ఇస్తున్నట్టే.

మూడు, ఉబ్బసమున్న ప్రతి పిల్లకు డాక్టర్ రాసిచ్చిన ఒక పేజీ. రోజూ ఏం వాడాలె, ఆటకు ముందు ఏం చేయాలె, ఎగపోస్తే ఏం చేయాలె. ఒక కాపీ ఇంట్లో, ఒకటి పీఈటీ దగ్గర.

నాలుగు, నోటి మాటతో ఏ పిల్లనూ ఆట నుంచి తీయొద్దు. తీస్తే డాక్టర్ కాయితంతోనే తీయాలె, మళ్లీ ఎప్పుడు ఆడొచ్చో తేదీ రాయాలె. వాపసు తేదీ లేని మినహాయింపును మన భాషలో వెలి అంటరు. ఆ మాట మనకు కొత్తగ నేర్పనక్కర్లేదు.

ఐదు, గ్రౌండ్‌లో, గ్రౌండ్ పక్కన చెత్త తగలబెట్టుడు బంద్.

సర్కారు కదిలే దాకా చేతులు కట్టుకొని కూర్చోవాల్సిన పని లేదు. విద్యార్థి సంఘాల తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ నెల ఒక్క పని చేయండి. మీ ఊరి బడికి, మీరు చదివిన హాస్టల్‌కు పోండి. ఆటల పీరియడ్‌లో పోండి. గట్టు మీద ఎంతమంది కూర్చున్నరో లెక్కపెట్టండి. ఎందుకు కూర్చున్నవని ఒక్కొక్కరిని అడగండి. ఎంతకాలం నుంచి, ఏ డాక్టర్ చెప్పిండు, ఏ మందు వాడుతున్నవని రాసుకోండి. పిల్లల పేర్లు బయట పెట్టొద్దు, లెక్క చాలు. ఆ లెక్క పట్టుకొని పీహెచ్‌సీకి, ఎంఈవోకు, కలెక్టరేట్ ప్రజావాణికి పోదాం. లెక్క లేని బాధకు ఆఫీసులో కుర్చీ వేయరు.

ఇంకోటి నేర్చుకొని పోండి. గ్రౌండ్‌లో పిల్ల ఎగపోస్తే పడుకోబెట్టొద్దు, నిటారుగ కూర్చోబెట్టాలె. చుట్టూ గుంపు కట్టొద్దు. స్పేసర్‌తో సాల్బుటమాల్ ఒక్కో పఫ్ చొప్పున ఇయ్యాలె. ప్రతి పఫ్‌కు నాలుగైదు ఊపిర్లు తీయనియ్యాలె. నాలుగు నుంచి పది పఫ్‌ల దాకా ఇయ్యొచ్చు. తగ్గకపోతే, మాట్లాడలేకపోతే, పెదాలు నీలం తిరిగితే ఆలోచించకుండ 108కి కొట్టాలె. బండి వచ్చే దాకా మందు ఇస్తనే ఉండాలె. ఇంత నేర్చుకోడానికి పది నిమిషాలు పడ్తది. బీపీఈడీ చదివే మిత్రులారా, మీ సిలబస్‌లో ఉన్నా లేకున్నా ఇది నేర్చుకోండి.

మన పిల్లలకు దమ్ము లేదని ఎవరన్నా అంటే ఇకముందు తల దించకండి. దమ్ము ఏ మందుతో అదుపులో ఉంటదో మనకు తెలుసు. ఆ మందు ఏ జాబితాలో ఉన్నదో తెలుసు. ఏ గేటు దగ్గర ఆగిందో తెలుసు. ఇప్పుడు దమ్ము చూపించాల్సింది బడి, హాస్టల్, ఆ శాఖ. పిల్లల వంతు వాళ్లు చేస్తరు, విజిల్ ఊదండి.

గట్టు మీది లెక్కలు కామెంట్లలో ఊరి పేరుతో పెట్టండి. వచ్చే వారం 32లో ఆ లెక్కలతోనే మొదలుపెడ్త.

జై భీమ్.